పాత కారులో గొయ్యి ఎక్కడికి పోతుంది?

షెడ్డు మూసేసి మూడేళ్ళయింది. అయినా పాత కార్ల మీద మోజున్నవాళ్ళు ఇప్పటికీ ఇల్లు కనుక్కుని వస్తుంటారు. మోకాళ్ళు అరిగిపోయేయి నాయనా, కారు కింద దూరితే నన్ను బయటికి లాగడానికి ఇద్దరు కావాలి అని చెప్పినా కదలరు. మంచినీళ్ళు తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యేక అసలు సంగతికి వస్తారు. "షాకబ్జర్లో ఏ ఆయిల్ పొయ్యాలండీ?"

ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్తాను కూడా, ఈ కాగితాల్లోనే. కానీ ఆ ఒక్క ముక్క నా బుర్రకెక్కడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది. మధ్యలో ఒక కొత్త పెళ్ళికూతురు పూలకారు దిగి ఆటోలో అత్తారింటికి పోవలసొచ్చింది. అంత ఖరీదు పెట్టి సంపాదించిన సరుకుని ఊరికే చేతిలో పెట్టేస్తే మా వంశానికే అప్రతిష్ఠ. అంచేత ముందు కథ, తరవాత నూనె. బేరం లేదు.

చిక్కనా, పలచనా

నాన్నది చోడవరం బజార్లో నూనెల కొట్టు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఆముదం, ఓ మూల బెల్లం దిమ్మలు. పక్కనే పెదనాన్న కిరాణా. ఎదురుగా మేనమామ బట్టల కొట్టు. మా ఇంట్లో పిల్లలకి మాటల కంటే ముందు బేరం వచ్చేది. బళ్ళో మాస్టారు రెండు బెత్తం దెబ్బలంటే ఒకటికి ఒప్పించబోయి మూడు తిన్నవాణ్ణి నేను.

నాన్న నేర్పిన మొదటి విద్య, నూనె చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడ్డం. జిగురుగా సాగితే మంచి సరుకు. జర్రున జారిపోతే కల్తీ. నూనే కాదు, ఏదైనా అంతే. పాలు చిక్కగా ఉండాలి. బెల్లం పాకం చిక్కగా ఉండాలి. పలచనైనదల్లా ఎవడో మనల్ని ముంచడానికి ఏదో కలిపినదే. ఆఖరికి మనిషి సంగతీ అంతేనట. "ఏం పోయినా పర్లేదురా, నలుగుర్లో పలచనైపోకు" అనేవాడు.

ఈ విద్య కొట్లో నన్ను నిలబెట్టింది. షెడ్డులో నా కొంప ముంచింది.

కొట్టు అన్నయ్యకి వెళ్ళింది. ఒక కొట్టులో ఇద్దరు బేరగాళ్ళుంటే గిరాకీ పారిపోతుందని, ఇరవయ్యేళ్ళ వయసులో నన్ను తీసుకెళ్ళి విశాఖపట్నంలో ఒక గేరేజీలో పెట్టేరు.

అప్పన్న మేస్త్రి ప్రశ్న

ఆ గేరేజీలో అప్పన్న మేస్త్రి అని ఒకాయన ఉండేవాడు. పొట్టిగా, నల్లగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మేకూ ఒక గుడ్డముక్కా. ఇంజను పని ముట్టుకునేవాడు కాదు. పాత ఇంగ్లీషు కార్ల షాకబ్జర్లే ఆయన పని. మిగతా మెకానిక్కులు ఆయన్ని చూసి నవ్వేవారు. ఓనర్లు మాత్రం ఆయనొచ్చేదాకా కూర్చునేవారు.

ఇప్పటి షాకబ్జర్లు గొట్టంలా పొడుగ్గా ఉంటాయి, మీకు తెలుసు. ఆ పాత కార్లవి అలా కాదు. ఇటుకలో సగం ఉండే ఒక పోత ఇనప డబ్బా. దాన్ని కారు ఛాసిస్‌కి, అంటే అడుగు చట్రానికి, బోల్టులతో బిగిస్తారు. దాని పక్కనుంచి మోచేతి నుంచి మణికట్టుదాకా ఉన్నట్టు ఒక ఇనప చెయ్యి బయటికొస్తుంది. ఆ చేతి కొస ఒక చిన్న కడ్డీతో చక్రం ఇరుసుకి తగిలించి ఉంటుంది. చక్రం లేస్తే చెయ్యి లేస్తుంది, దిగితే దిగుతుంది. డబ్బా లోపల రెండు పిస్టన్లు, బియ్యపుగింజ పట్టేంత దారి ఉన్న ఒక వాల్వు, టీగ్లాసుడు నూనె. అంతే.

మొదటిసారి ఆయన దాన్ని విప్పి గుడ్డ మీద పరిచి చూపించినప్పుడు నాకు నమ్మకం కుదర్లేదు. ఇంత కారు, అయిదుగురు మనుషులు, డిక్కీలో సామాను, ఇదంతా కాసేది ఈ గ్లాసుడు నూనా? ఎవరో నన్ను బేరంలో మోసం చేస్తున్నారనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆయన నన్నొక కారెక్కించి హార్బరు వైపు, లారీలు తొక్కి తొక్కి నుగ్గు చేసిన రోడ్డు మీద తిప్పేడు. తిరిగొచ్చి ఆపి, "ఒరే షావుకారూ, దిగు" అన్నాడు. నూనెల కొట్టువాడి కొడుకునని తెలిసిన రోజునుంచీ నా పేరు అదే. ఇప్పటికీ అదే.

"ఇందాక గోతుల్లో పడ్డామా?"

"పడ్డాం మేస్త్రీ. చాలా."

"నీకు తగిలిందేటి?"

"లేదు. మెత్తగా ఉంది."

"మరి ఆ దెబ్బలన్నీ ఎటెళ్ళేయి?"

నేను స్ప్రింగు అన్నాను. ఆయన ఛీ అన్నాడు. "స్ప్రింగు దెబ్బ పుచ్చుకుంటాది. వెంటనే తిరిగిచ్చేస్తాది. దాని దగ్గరేదీ ఆగదు. ఒంగో. చక్రం వెనకాల సెయ్యెట్టి సూడు."

వంగి ఆ ఇనప డబ్బా మీద చెయ్యి పెట్టేను. వెచ్చగా ఉంది. ఎండ తగలని చోటు, ఇంజనుకి దూరం. అయినా వెచ్చగా, నిద్రపోతున్న పసిపిల్ల ఒళ్ళులా ఉంది.

"అదిగో" అన్నాడు మేస్త్రి. "గోతులన్నీ అందులో ఉన్నాయి. నూనె మింగేసింది. మింగి ఎచ్చబడింది."

నలభయ్యేడేళ్ళయింది ఆ మాట విని. ఇప్పుడు రాస్తుంటే కూడా నా అరచేతికి ఆ వెచ్చదనం తెలుస్తోంది. గుళ్ళో నాకెప్పుడూ ఒళ్ళు జలదరించలేదు. ఆవేళ ఒక కారు పక్కన, గ్రీజు మరకల్లో మోకాళ్ళ మీద కూర్చుని జలదరించింది. రోడ్డు కొట్టిన దెబ్బ పోలేదు. మనిషికి తగలకుండా ఒక గ్లాసుడు నూనె అడ్డం నిలబడి తన ఒంటి మీద వేసుకుంది. గట్టిగా నిలబడి కాదు, ఆ సన్నటి దారిలోంచి తప్పుకుని జారి. నేను పుట్టి పెరిగిన బజార్లో ఇలాంటి సరుకు నేనెప్పుడూ చూడలేదు.

వెంటనే నా బుద్ధి నేను చూపించుకున్నాను. "ఆ నూనె పేరేంటి మేస్త్రీ?" అని అడిగేను. ఆయన దగ్గర నూనె ఒక పాత రేకు డబ్బాలో ఉండేది. లేబులు చింపేసి ఉండేది.

"పేరు అడక్కు. దాని పనేటో అడుగు."

పిసినారితనం అనుకున్నాను. అక్కడున్న ఆరేళ్ళూ ఆ పేరు కోసం బేరమాడేను. ఓసారి బెల్లం, ఓసారి నువ్వుల నూనె, ఓసారి సినిమా. అన్నీ పుచ్చుకునేవాడు. పేరు చెప్పేవాడు కాదు. బడి దాటేక నేను ఓడిపోయిన మొదటి బేరం అది. పని ఏమిటో మాత్రం నేను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

నూకరత్నం కారు

తరవాత చోడవరంలో అనకాపల్లి రోడ్డు మీద సొంత షెడ్డు వేసేను. చెరకు ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు. పాత కారు ఏడాదికి నాలుగైదు వస్తే గొప్ప. అలాంటిదొస్తే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి మేస్త్రి దగ్గర ఒక సీసాడు నూనె పట్టుకొచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆయన పని మానేసి అనకాపల్లిలో కూతురి దగ్గరికి వచ్చేసేడు. నా సీసా ఖాళీ అయింది. వెళ్ళి అడగడానికి మొహమాటం. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కు నూనె పేరు అడిగితే పలచనైపోడూ?

సరిగ్గా అప్పుడే మూతేస్తున్న ఒక స్పేర్‌పార్టుల షాపులో సగం పీపా నూనె దొరికింది. లారీ గేరుబాక్సుల్లో పోసేది. వేళ్ళ మధ్య నలిపి చూసేను. నాన్న ఉంటే కళ్ళకద్దుకునేవాడు. అంత చిక్కన, పాకంలా తీగ సాగుతోంది. సగానికి సగం ధరకి దింపించి, పైగా ఒక గరాటు ఊరికే అడిగి మరీ తెచ్చుకున్నాను. ఆ గరాటు గురించి నెల రోజులు అందరికీ చెప్పుకున్నాను.

నూకరత్నానిది చోడవరమే. ఆవిడ భర్త పోతూ ఆవిడకి మిగిల్చింది ఒక తెల్లటి పాత ఇంగ్లీషు కారు. పెళ్ళిళ్ళకి తిప్పేవాడు. ఆయన పోయేక డ్రైవర్ని పెట్టమని అందరూ చెప్పేరు. ఆవిడ వినలేదు. తనే నేర్చుకుని, పట్టుచీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని తనే నడిపేది. చుట్టుపక్కల వడ్డాది నుంచి దేవరాపల్లి దాకా ఒక మాట పుట్టింది, నూకరత్నం కారులో అత్తారింటికెళ్ళిన పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకోదని. ఆ మాటే ఆవిడకి తిండి. ఆ కారు తప్ప ఇంకో ఆధారం లేదు.

మాఘమాసం ముహూర్తాలకి ముందు కారు పట్టుకొచ్చింది. "అన్నయ్యా, వెనకాల రెండూ నూనె కారతన్నాయి. మొన్న మండపం ముందు ముగ్గు మీద మరకలెట్టేసింది. ఆడపెళ్ళోళ్ళు నన్ను నానా మాటలన్నారు."

చెయ్యాల్సిన పని ఏమిటంటే షాకబ్జరు దింపి, చెయ్యి తిరిగే చోట అరిగిపోయిన రబ్బరు సీలు మార్చడం. రెండు రోజుల పని, సీలు వెతకడం ఇంకో రెండు రోజులు. షెడ్డు మూల నా పీపా నన్నే చూస్తోంది. చిక్కటి నూనె పోస్తే కారదు కదా!

పోసేసేను. వెనక బంపరు మీద ఎక్కి తొక్కేను. కారు కదల్లేదు.

"చూసేవా నూకరత్నం, రాయిలా ఉంది!"

ఆవిడ కూడా బంపరు నొక్కి చూసింది. "రాయిలాగుంటే మంచిదేనా అన్నయ్యా?"

"మరేంటి? పలచన నూనె పోస్తే ఊగిపోదూ?"

నా యాభయ్యేళ్ళ జ్ఞానం మొత్తం ఆ వాక్యంలో ఉంది. దాచుకోకుండా రాస్తున్నాను, మీరు నవ్వుకోండి.

ఆటోలో పెళ్ళికూతురు

ఆ తరవాత జరిగింది నేను చూడలేదు. నూకరత్నం చెప్పగా విన్నాను. వడ్డాదిలో పెళ్ళి. మర్నాడు పొద్దున్న పెళ్ళికూతుర్ని దేవరాపల్లిలో అత్తారింటికి పంపుతున్నారు. కొత్త జంట వెనక సీట్లో. పెళ్ళికొడుకు పెదనాన్న ముందు సీట్లో. చెరకు బళ్ళు తొక్కిన రోడ్డు. ప్రతి గోతికీ కారు మొత్తం చెక్కపెట్టెలా ఎగిరి పడింది. పెళ్ళికొడుకు తల పైకప్పుకి తగిలింది. పెళ్ళికూతురు జడ బిళ్ళలు ఊడి కింద పడ్డాయి. ఆఖరికి ఒక తూము దగ్గర టప్‌మని శబ్దం. షాకబ్జరు చేతినీ ఇరుసునీ కలిపే కడ్డీ విరిగిపోయింది. కారు ఆ పక్క పడవలా ఊగడం మొదలెట్టింది.

పెదనాన్న కారు ఆపించేడు. "అమ్మా, సెకునం బాగోలేదు. దిగండి."

పిల్ల ఏడ్చింది. నూకరత్నం కారులో మొదటిసారి ఒక పెళ్ళికూతురు ఏడ్చింది. అటుగా వస్తున్న ఆటోని ఆపి జంటని ఎక్కించేరు. చుట్టూ పూలదండలున్న తెల్లకారు రోడ్డు పక్కన ఖాళీగా నిలబడింది.

ఆ దండలతోనే, ఊగిపోతున్న కారుని మెల్లగా నడుపుకుంటూ మర్నాడు నూకరత్నం నా షెడ్డుకి వచ్చింది. దిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నూనె సిక్కగా పోసేవు షావుకారూ. నా పరువు పలచన చేసేవు."

పిలుపులో అన్నయ్య పోయి షావుకారు వచ్చేసింది. నేనేదో సర్దిచెప్పబోయేను. రోడ్డు, చెరకు బళ్ళు, కడ్డీ పాతది. ఆవిడ వినలేదు. "సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. రెండు పెళ్ళిళ్ళవాళ్ళు వద్దనేసేరు. నేను ఒడ్డాది ఎళ్ళి పిల్ల తండ్రి కాళ్ళ మీద పడొచ్చేను. మనుగుడుపులకి పిల్లనీ అల్లుణ్ణీ నా కారులోనే తెస్తానన్నాను. అదే తోవ, అదే కారు. ఆయనొప్పుకున్నాడు. ఆ పెదనాన్న కూడా ఎక్కుతాడట, సూడ్డానికి. ఈసారి కుదిపిందంటే ఇంకెవులూ నన్ను పిలవరు. ఇనప సామాన్లోడికి అమ్మేస్తాను."

మనుగుడుపులంటే పెళ్ళయిన పదహారు రోజుల పండగలోపు కొత్త అల్లుణ్ణీ కూతుర్నీ పుట్టింటికి తెచ్చుకోడం. ఇంకా పదకొండు రోజులున్నాయి.

బెల్లం దిమ్మ

మర్నాడు పొద్దున్నే ఒక బెల్లం దిమ్మ చంకన పెట్టుకుని, సీసాలో నా చిక్కటి నూనె పోసుకుని, దింపిన షాకబ్జరు సంచిలో వేసుకుని అనకాపల్లి బస్సెక్కేను. అప్పన్న మేస్త్రికి ఎనభై దాటేయి. వీధరుగు మీద కూర్చున్నాడు. చూపు సరిగ్గా ఆనడం లేదు. నా గొంతు విని నవ్వేడు.

"ఒరే షావుకారూ, బెల్లం వాసనేస్తంది. మళ్ళీ బేరానికొచ్చేవా?"

జరిగిందంతా చెప్పేను. ఆయన సీసా అడిగి పుచ్చుకున్నాడు. వేళ్ళ మధ్య పెట్టి నలిపేడు. అచ్చం మా నాన్నలాగే. "మంచి సరుకు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. "లారీ గేరుబాక్సుకి."

లోపల్నుంచి కూతురి చేత రెండు గాజు గ్లాసులు తెప్పించేడు. ఒకదాంట్లో నా నూనె. ఇంకోదాంట్లో తన పాత రేకు డబ్బాలోంచి అడుగున మిగిలిన నూనె. జేబులోంచి రెండు సైకిలు బేరింగు గుళ్ళు తీసి ఒకేసారి వదిలేడు. ఆయన గ్లాసులో గుండు జర్రున దిగి అడుగున టిక్కుమంది. నా గ్లాసులో గుండు తీరిగ్గా, పెళ్ళిభోజనం చేసి నడుస్తున్నవాడిలా దిగుతోంది.

"నూనెకి పనేటిరా?"

ముప్ఫయ్యేళ్ళ తరవాత నాకు ఆ ప్రశ్న వినపడింది. "ఆ సన్నటి దారిలోంచి దూరి వెళ్ళడం."

"ఎంతలో?"

"గోతిలో చక్రం పడి లేచేంతలో."

"నీ నూనె అంతలో దూరతాదా?"

నా సంచిలోని షాకబ్జరు విప్పించి, దాని వాల్వు నా చేతిలో పెట్టేడు. దాని మీద నా నూనె పోసేను. చిల్లు దగ్గర ఉబ్బి, బొట్టులా వేలాడి, అక్కడే నుంచుండిపోయింది.

"నీ నూనె గుమ్మంలోనే నుంచుని కాసేపుండమంటే గొయ్యి ఆగుతాదేటిరా? నూనె దూరకపోతే సెయ్యి కదల్దు. సెయ్యి కదలకపోతే సెక్రం లేసినప్పుడల్లా కారంతా లేస్తాది. దెబ్బ మింగవలసింది నూనె. అది మింగనంది. పెళ్ళికూతురు మింగింది."

అప్పుడు ఆయన నూనె పోసేడు. చిల్లులోంచి సన్నటి దారంలా, తెగకుండా దిగింది. అలాగని నీళ్ళలా భళ్ళున పోలేదు. కాస్త ఆగుతూ, కాస్త ఒప్పుకుంటూ. నేను దాన్నే చూస్తూ కూర్చుండిపోయేను. మరీ పలచన అయినా పనికిరాదు, దెబ్బని ఆపదు. ఎంత జారాలో అంతే జారాలి. మంచి బేరగాడిలాగన్నమాట. పూర్తిగా బిగిస్తే బేరం చెడుతుంది, పూర్తిగా వదిలేస్తే కొట్టు పోతుంది. నా వృత్తీ నా వంశమూ ఒక చిల్లు దగ్గర కలిసేయి.

"ఇప్పుడు చెప్పండి మేస్త్రీ. దాని పేరేంటి?"

ఆయన నవ్వేడు. "పేరేటుంటాదిరా. మామూలు హైడ్రాలిక్ ఆయిలు, పలచనది. ఈ బజార్లోనే దొరుకుతాది. నీ పీపా కంటే సవక."

నా గుండె ఆగింది. సవక! "మరి లేబులు ఎందుకు చింపేరు?"

"పేరు తెలిస్తే మీరు పేరు కొనుక్కుంటారు. పని సూడరు. బెల్లం ఇలాగియ్యి."

ఇక నూనె గురించి

మాట ఇచ్చేను కాబట్టి చెప్తున్నాను. చెయ్యి ఉన్న పాత షాకబ్జర్లకి సామాన్యంగా ఇరవై గ్రేడుకి అటూఇటూగా ఉండే హైడ్రాలిక్ ఆయిలు సరిపోతుంది. అది దొరక్కపోతే మోటారు సైకిలు ముందు ఫోర్కుల్లో పోసేది, అదే గ్రేడుది. ఇంజను ఆయిలు వద్దు. మట్టిని కడగడానికి అందులో వేసే మందుల వల్ల లోపల నురగ కడుతుంది. నురగంటే గాలి, గాలి దెబ్బని ఆపదు. బ్రేకు ఆయిలు అసలొద్దు, అది సీలు రబ్బరుని తినేస్తుంది. పేరులో ఆయిలు ఉన్నదల్లా ఆయిలు కాదు. రెండు రకాలు కలపొద్దు. పాతది పూర్తిగా ఒంపి, కడిగి, కొత్తది పొయ్యండి.

మరీ పాత బండి అయితే ఇంకో జాగ్రత్త. కొన్నిటి రబ్బరు మన మామూలు ఆయిలుకి ఉబ్బిపోతుంది. కారు పుస్తకం దొరికితే అందులో ఏం రాసేడో చూడండి. దొరక్కపోతే ఆ రబ్బరు ముక్కొకటి మీరు పొయ్యబోయే నూనెలో రెండు మూడు రోజులు నానబెట్టి చూడండి. ఈ రెండు రోజులు ఆగలేనివాడు ఇంకో పని చూసుకోవచ్చు.

నూనె కారుతోందంటే తప్పు నూనెది కాదు, సీలుది. సీలు మార్చండి. కారకుండా ఉండాలని చిక్కటిది పొయ్యడం ముక్కు కారుతోందని ముక్కు కోసుకోవడమే. ఆ ముక్కు నాదే కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

పైన బిరడా విప్పేముందు చుట్టూ బ్రష్షుతో శుభ్రం చెయ్యండి. ఒక్క ఇసకరేణువు వాల్వులో పడితే మీ పనంతా బూడిద. షాకబ్జర్ని నిటారుగా బల్లకున్న వైసు దవడల్లో బిగించి, కొంచెం కొంచెం పోస్తూ, చేతిని పై నుంచి కింద దాకా నెమ్మదిగా ఆడించండి. బుడగలు వస్తాయి. రానివ్వండి. తొందరపడకండి. పైకీ కిందకీ మొదట్నుంచి చివరి దాకా ఒకే బరువు తెలియాలి. ఎక్కడైనా చెయ్యి ఖాళీగా జారితే లోపల గాలి ఉన్నట్టే. మూతి దాకా నింపొద్దు. వేడెక్కితే నూనె పెరుగుతుంది, దానికి చోటు ఉంచండి.

ఇదంతా తెలిసి కూడా నేను నూకరత్నం కారుకి మొదటిసారి తప్పే చేసేను. కొత్త సీళ్ళు, కొత్త కడ్డీ, కొత్త నూనె అయ్యేక ఆవిడ నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఒళ్ళో నిండా నీళ్ళున్న ఇత్తడి చెంబు పెట్టింది. "ఒలికితే నీ పంచే తడుస్తాది" అంది. రోడ్డెక్కేం. ఎడం పక్క రెండో గోతికే సగం చెంబు నా ఒళ్ళో ఉంది. ఎడమ షాకబ్జర్లో గాలి ఉండిపోయింది. తొందరలో బుడగలు రానివ్వలేదు. మళ్ళీ దింపి, మళ్ళీ పోసి, ఈసారి ఒక పూటంతా చేతిని ఆడిస్తూ కూర్చున్నాను. ఆఖరి బుడగ వచ్చి ఠప్‌మన్నాక చేతికి తెలిసిన బరువు, చిక్కటి పాకంలో గరిటె తిప్పినట్టు సమానంగా, నిండుగా ఉంది. పలచన నూనెలోంచి అంత నిండుతనం! నాన్నకి చూపించాలనిపించింది. ఆయన నమ్మేవాడు కాదు.

మనుగుడుపులు

పొద్దున్న దేవరాపల్లిలో బయల్దేరేరు. వెనక సీట్లో జంట. ముందు సీట్లో పెదనాన్న, చేతులు కట్టుకుని, న్యాయం చెప్పడానికి వచ్చినవాడిలా. స్టీరింగు దగ్గర నూకరత్నం, పట్టుచీర. నాకు కారులో చోటు లేదు. ఇవ్వలేదు కూడా. నా స్కూటరు మీద వెనకాల వెళ్ళేను.

అదే నా అదృష్టం. వెనకనుంచి చూసినవాడికే తెలుస్తుంది ఆ వింత. చక్రాలు గోతుల్లో పడుతున్నాయి, లేస్తున్నాయి, పిచ్చెక్కినట్టు ఎగురుతున్నాయి. పైన కారు కదలడం లేదు. డిక్కీ మీద కట్టిన బంతిపూల దండ అలా ఒద్దిగ్గా పడుకుని ఉంది. కింద రోడ్డంతా యుద్ధం, పైన ఇల్లు. మధ్యలో గ్లాసుడు నూనె అటు దూరి ఇటు వచ్చి, ఇటు దూరి అటు వెళ్ళి, ఎవరికీ కనపడకుండా పని చేస్తోంది. చూస్తూ చూస్తూ నేనొక గోతిలో పడ్డాను. నా స్కూటరు షాకబ్జర్లు పోయి రెండేళ్ళయింది. మెకానిక్కు బండి కదా.

తూము వచ్చింది. నూకరత్నం కొంచెం మెల్లగా చేసింది. వెనక చక్రాలు దిగేయి. కారు ఒక్కసారి, ఊపిరి పీల్చి వదిలినట్టు, కిందికి వెళ్ళి పైకి వచ్చింది. రెండోసారి ఊగలేదు.

వడ్డాదిలో ఆడపెళ్ళివారి గుమ్మం ముందు కారు ఆగింది. ఆడవాళ్ళు హారతిపళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. పిల్ల తండ్రి ముందుకొచ్చేడు. కారు తలుపు తెరుచుకోలేదు. ఎవరూ దిగడం లేదు. ఏమైందోనని నేను స్కూటరు పడేసి పరిగెత్తేను.

నూకరత్నం కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, అరవొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టింది.

వెనక సీట్లో పెళ్ళికూతురు మొగుడి భుజమ్మీద తల పెట్టి నిద్రపోతోంది. జడ బిళ్ళలు చెక్కు చెదరలేదు. మొగుడు కదిలితే లేస్తుందేమోనని బొమ్మలా కూర్చున్నాడు. ముందు సీట్లో పెదనాన్న చేతులు కట్టుకునే, నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు.

పిల్ల తండ్రి చూసి నవ్వేడు. హారతి పట్టుకున్నావిడ కర్పూరం ఆర్పేసి, "లేసేక ఎలిగిద్దారి" అంది.

నూకరత్నం చప్పుడు చెయ్యకుండా దిగి వెనక్కి వచ్చింది. నేనప్పటికే చక్రం పక్కన వంగి ఉన్నాను. "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నాను. పెట్టింది.

"ఏటిది అన్నయ్యా? జొరమొచ్చినట్టు ఎచ్చగా ఉంది!"

అన్నయ్య తిరిగొచ్చింది. "గోతులమ్మా. దేవరాపల్లి నుంచి ఇక్కడి దాకా ఎన్నున్నాయో అన్నీ ఇందులో ఉన్నాయి. నూనె మింగేసింది."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. "మా ఆయన ఒళ్ళు కూడా ఇలాగే ఉండేది. పొద్దల్లా తిరిగి ఇంటికొచ్చేసరికి" అంది, ఎవరితోనో అన్నట్టు. "బయటి గోతులన్నీ ఆడే మింగేసొచ్చేవోడు కావాల. నాకు ఒక్కటీ తగల్నీలేదు."

బేరగాణ్ణి, ఎప్పుడు మాట్లాడకూడదో తెలుసు.

అంతలో ముందు సీట్లో గురక ఆగింది. పెదనాన్న ఉలిక్కిపడి లేచి, కళ్ళు నులుముకుని, అద్దంలోంచి చుట్టూ చూసి, గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"ఏటమ్మా నూకరత్నం, ఇంకా బయల్దేరలేదేటి?"